ఒంటికి రాసే సేంద్రియం: చట్టం ఎంతవరకు, మన ఎరుక ఎంతవరకు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గానీ, విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ ఏ ఫ్యాన్సీ షాపులోకైనా వెళ్లి ఆర్గానిక్ క్రీము కావాలని అడిగితే పది రకాలు తెచ్చి ముందు పెడతారు. అన్నింటి మీదా ఆకుపచ్చ రంగే. ఒకదాని మీద వేపాకు, ఒకదాని మీద కలబంద, ఇంకోదాని మీద "కెమికల్ ఫ్రీ" అన్న అక్షరాలు. పసిబిడ్డకు ఏది రాయాలో తెలియని తల్లి, మొటిమలతో విసిగిపోయిన ఇంటర్ పిల్ల, పెళ్లికి నలుగు సామాను కొనే అత్తమ్మ, అందరూ అడిగేది ఒకటే: వీటిలో అసలైనది ఏది?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరక్కపోవడానికి కారణం చట్టంలో ఉంది. మన దేశంలో సౌందర్య సాధనాల విషయంలో "ఆర్గానిక్" అన్న మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. తినే సరుకుకు ఉంది, రాసుకునే సరుకుకు లేదు. ఈ తేడా తెలిస్తే సగం మోసాల నుంచి బయటపడొచ్చు. మన జిల్లాల వాళ్లకు ఇందులో ఒక దారి కూడా కనిపిస్తుంది.

ముందు తిండి సంగతి. సేంద్రియ పంటలకు ధ్రువీకరణ ఇచ్చే జాతీయ కార్యక్రమం, ఎన్‌పీఓపీ, 2001 నుంచి వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా ఆధ్వర్యంలో నడుస్తోంది. "ఇండియా ఆర్గానిక్" ముద్ర దానిదే. గుర్తింపు పొందిన సంస్థ పొలానికి వచ్చి చూసి, రికార్డులు తనిఖీ చేసి ఆ కాగితం ఇస్తుంది. చిన్న రైతులకు ఆ ఖర్చు భారం కాబట్టి పీజీఎస్ అనే రెండో పద్ధతి వచ్చింది. ఇందులో ఊళ్లో రైతులే ఒక జట్టుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. 2017లో ఆహార భద్రతా సంస్థ సేంద్రియ ఆహార నిబంధనలు తెచ్చి "జైవిక్ భారత్" ముద్రను ప్రవేశపెట్టింది. ఈ రెండు పద్ధతుల్లో ఏ ధ్రువీకరణా లేకుండా ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాసి ఆహారం అమ్మితే అది నేరం.

మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని విస్తరిస్తోంది. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఘనజీవామృతం, ద్రవజీవామృతం అన్న సహజ ఎరువుల పేర్లు ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఆ రైతులు చేస్తున్న పని గొప్పది. అయితే ప్రకృతి వ్యవసాయం చేసినంత మాత్రాన సేంద్రియ ధ్రువపత్రం దానంతటదే రాదు, రెండూ వేరు వేరు వ్యవహారాలు. రైతు ముఖపరిచయం ఉంటే ఆ కాగితం అక్కర్లేదు. ప్యాకెట్‌లో కొన్నప్పుడే కాగితం అడగాలి.

ఇక రాసుకునే సరుకు. ఇది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద 2020 డిసెంబరులో కాస్మెటిక్స్ రూల్స్ వేరుగా వచ్చాయి. వీటి ప్రకారం తయారీదారుకు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో తేదీ ఉండాలి. పదార్థాల పేర్లు ఎక్కువ మోతాదులో కలిపినవాటితో మొదలుపెట్టి వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. రంగుల్లో సీసం ఎంత మించకూడదో, పాదరసం ఎంత మించకూడదో కూడా చట్టం చెప్పింది. ఆ కలబంద ఏ పొలంలో పండింది, దానికి ఏ మందు కొట్టారు అన్నది మాత్రం ఈ చట్టం అడగదు. కాబట్టి క్రీము డబ్బా మీద "ఆర్గానిక్" అంటే, వేరే ఆధారం చూపించేదాకా, అది కంపెనీ చెప్పుకున్న మాట మాత్రమే.

పదార్థాల వరుస చదవడం ఒక్కటి నేర్చుకుంటే చాలా తేలిపోతుంది. ముందువైపు పెద్ద కలబంద బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పితే నీళ్లు మొదట, ఖనిజ నూనె తర్వాత, మైనపు పదార్థాలు ఆ తర్వాత, కలబంద సారం ఎక్కడో చివర, సువాసన ద్రవ్యం దగ్గర. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నది బొమ్మలో పెద్దదై కూర్చుంది. ఇంకో సంగతి: నీళ్లు, ఉప్పు, మట్టి, జింక్ ఆక్సైడ్ వంటివి పొలంలో పండేవి కావు. వాటికి సేంద్రియ ధ్రువీకరణ అనేదే ఉండదు. అందుకని నీళ్లు మొదటి పదార్థంగా ఉన్న లోషన్ మీద "నూటికి నూరు శాతం ఆర్గానిక్" అని ఉంటే ఆ మాట అబద్ధమని షాపులోనే తేల్చేయొచ్చు. ముల్తానీ మట్టి ప్యాకెట్ మీద అలా ఉన్నా అంతే.

జనం పొరబడే గుర్తులు కొన్ని ఉన్నాయి. అన్నింటికన్నా ఎక్కువగా పొరబడేది ఆకుపచ్చ చుక్క దగ్గర. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద 2014 నుంచి ఆ చుక్క పెడుతున్నారు. అది శాకాహారమని చెప్పే గుర్తు, అంటే జంతువుల కొవ్వు వగైరా లేదని. సేంద్రియంతో దానికి ఏ సంబంధమూ లేదు. "ఆయుర్వేదిక్" అన్నది లైసెన్సు రకాన్ని చెబుతుంది, సాగు పద్ధతిని చెప్పదు. "హెర్బల్", "నేచురల్" అన్నవాటికి ఆ మాత్రం బలం కూడా లేదు. "కోల్డ్ ప్రెస్డ్" అంటే వేడి చేయకుండా నూనె తీశారని అర్థం, గింజ మీద మందు కొట్టలేదని కాదు.

"ఖాదీ" అన్న మాట కూడా ఇందులో చేరింది. పొందూరు ఉన్న జిల్లా మనది. వాలుగ చేప దవడతో దూదిని ఏకి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన పంచెను మనవాళ్లు ముట్టుకోగానే గుర్తుపడతారు. షాంపూ సీసాలో ఏముందో చెయ్యి చెప్పలేదు కదా. తన పేరును సౌందర్య సాధనాల మీద అనుమతి లేకుండా వాడుకుంటున్నారని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కోర్టులకు కూడా వెళ్లింది. కమిషన్ సొంత విక్రయశాలలో కొన్న సబ్బయినా సరే, ఖాదీ అన్నంత మాత్రాన సేంద్రియం అయిపోదు.

విదేశీ ముద్రల్లో నమ్మదగినవి ఉన్నాయి. యూరప్‌లో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బ్రిటన్‌లకు చెందిన ఐదు సంస్థలు కలిసి పెట్టుకున్న కాస్మోస్ ప్రమాణం వాటిలో ముఖ్యమైనది. ఎకోసెర్ట్ ఆ సంస్థల్లో ఒకటి, మన దేశంలోనూ పనిచేస్తుంది. కాస్మోస్ ఆర్గానిక్ ముద్ర రావాలంటే నూనెలు, పొడుల వంటి వ్యవసాయ పదార్థాల్లో 95 శాతం సేంద్రియంగా పండినవై ఉండాలి. మొత్తం సరుకులో మాత్రం సేంద్రియ భాగం 20 శాతం ఉంటే చాలు, కడిగేసుకునే సబ్బులు, షాంపూల వంటివాటికి 10 శాతం చాలు. తక్కువనిపిస్తుంది గానీ నీళ్లు ఎక్కువగా ఉండే సరుకుకు అది నిజాయితీ గల లెక్కే, పైగా మొత్తంలో ఎంత శాతమో డబ్బా మీద రాయాలి. అమెరికా వ్యవసాయ శాఖ ముద్రకు 95 శాతం కావాలి, అది ఎక్కువగా నీళ్లు లేని నూనెలు, బామ్‌ల మీద కనిపిస్తుంది. ఇవి ఉన్న సరుకు మన ఊళ్లలో తక్కువ, ధరా ఎక్కువే. కొనగలిగినవాళ్లు ముద్రతో పాటు ధ్రువీకరణ సంస్థ పేరు కూడా చూడాలి. ముద్ర బొమ్మ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఆ సంస్థ వెబ్‌సైట్లో కంపెనీ పేరు ఉందో లేదో చూడడానికి రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. సేంద్రియమని తేలినా, ప్రకృతి నుంచి వచ్చిందని తేలినా అది చర్మానికి మంచిదని రుజువైనట్టు కాదు. ఈ మాట మన ప్రాంతంలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు. పిక్క తొక్కలో ఉండే జీడి నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మాన్ని కాల్చి, నల్లగా చేసి, పొరలు పొరలుగా ఊడగొడతాయి. చేతులకు బూడిదో ఆముదమో పూసుకుని పని చేస్తారు, అయినా మచ్చలు పోవు. ఏ కెమికల్ ఫ్యాక్టరీలోనూ తయారు కాని, పూర్తిగా చెట్టు ఇచ్చిన నూనె అది. మన్యంలో దొరికే నల్లజీడి పిక్కలూ ఆ కుటుంబానివే. ఒకప్పుడు రజకులు ఆ రసంతో బట్టలకు గుర్తులు పెడితే, ఆ గుర్తు తగిలినచోట ఒళ్లు పొక్కేది. మామిడి సొన తగిలి బుగ్గ కాలిన పిల్లలు ప్రతి ఎండాకాలం కనిపిస్తారు. అదీ అదే కుటుంబం.

మన నలుగు సామానులో కూడా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. సున్నిపిండిలో పెసలు, శనగపప్పు, పసుపు, కచ్చూరాలు, తుంగముస్తలు, వట్టివేరు, ఎండిన గులాబి రేకులతో పాటు కొందరు బావంచాలు కలుపుతారు. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. బొల్లి వైద్యంలో ఈ గుణాన్నే డాక్టర్లు లెక్క ప్రకారం వాడుకుంటారు. ఎండలోకి వెళ్లబోయే ముందూ, పసిపిల్లల ఒంటికీ బావంచాలు కలిపిన పిండి వాడొద్దన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. అవి లేకపోతే సున్నిపిండికి వచ్చే లోటేమీ లేదు.

ఆషాఢంలో పెట్టుకునే గోరింటాకుదీ ఇదే కథ. ఆకు రుబ్బి పెట్టుకుంటే నారింజ నుంచి ఎరుపు, మహా అయితే ముదురు గోధుమ రంగు పండుతుంది, గంటలు పడుతుంది. పావుగంటలో నల్లగా పండే కోన్‌లో కలిపింది జుట్టు రంగుల్లో వాడే పీపీడీ. దాంతో చేతులు పొక్కి ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే జన్మంతా ఉంటుంది. నల్లగా పండే గోరింటాకు చెట్టుకు కాయదు.

సంరక్షకాల గురించి ఒక మాట. "ప్రిజర్వేటివ్ లేదు" అన్న మాటకు జనం బాగా మురిసిపోతున్నారు. నూనెలో, ఎండిన పొడిలో సంరక్షకం అక్కర్లేదు. నీళ్లున్న క్రీములో, జెల్‌లో అది లేకపోతే మన సముద్రపుటొడ్డు ఉక్కకు కొద్ది రోజుల్లోనే బూజు, సూక్ష్మజీవులు చేరతాయి. వాసన మారకముందే ఆ పని జరిగిపోతుంది. కాస్మోస్ వంటి కఠినమైన ప్రమాణాలు కూడా బెంజోయిక్ ఆమ్లం, సోర్బిక్ ఆమ్లం వంటి కొన్నింటిని అనుమతిస్తాయి. పెరట్లో కలబంద కోసి గుజ్జు రాసుకునేవాళ్లు ఆ పూటకు కావలసినంతే కోసుకుని, మిగిలింది పారేయాలి.

నాకు ఎక్కువ భయం కలిగించేది ఆకుపచ్చ డబ్బా కన్నా తెల్లబరిచే క్రీము. చర్మాన్ని త్వరగా తెల్లగా చేసే క్రీముల్లో పాదరసం బయటపడుతూ వస్తోంది. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య మెంబ్రనస్ నెఫ్రోపతీ అనే మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లే. మన నియమాల ప్రకారం కంటి చుట్టూ వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో, తెలియకుండా చేరిన పాదరసమైనా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు తగలని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, క్రీముల వల్ల వచ్చిందని నేను అనడం లేదు. కానీ కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరులో కిడ్నీలు ఇప్పటికే బరువు మోస్తున్న మనుషులు లైసెన్సు నంబరు లేని తెల్లబరిచే క్రీము ముట్టుకోకూడదు. దాని మీద ఎన్ని ఆకుల బొమ్మలున్నా సరే.

స్టెరాయిడ్ క్రీములదీ ఇలాంటి సంగతే. 2018లో కేంద్రం పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. అయినా గజ్జికీ మొటిమలకీ మచ్చలకీ వాటిని అడిగి కొనుక్కుంటున్నవాళ్లు ఉన్నారు. వారంలో ముఖం మెరిసిందంటే సంతోషించే ముందు అనుమానించాలి.

మరి ఏం చేయాలి? నా జవాబు ఇది: సేంద్రియం అన్న మాటకు చట్టబలం తిండి వైపు ఉంది కాబట్టి, ఒంటికి కావలసినవాటిలో వీలైనన్ని తిండి సరుకుగానే కొనాలి. నూనె, పిండి, పసుపు, తేనె. చర్మానికి రోజూ కావలసింది చాలా తక్కువ. మురికి పోవాలి, తడి ఆరిపోకుండా ఉండాలి, ఎండ నుంచి కాపు ఉండాలి. మొదటి రెండూ మన దగ్గర పండేవాటితో జరిగే పనులు.

నువ్వుల నూనె తీసుకుందాం. ఉత్తరాంధ్ర మెట్ట భూముల్లో నువ్వులు వర్షాధారంగా పండుతాయి. అనకాపల్లి జిల్లా ఎలమంచిలి పరిశోధన కేంద్రం ఈ పంటకే పేరుపొందింది. నువ్వుల్లో నూనె దాదాపు సగం ఉంటుంది. చెక్క గానుగలో అంతా దిగదు, కొంత తెలకపిండిలో మిగిలిపోతుంది. లీటరు నూనెకు రెండు కిలోల పైచిలుకు నువ్వులు పడతాయన్నమాట. బజారులో కిలో నువ్వుల ధర కనుక్కుని రెండున్నరతో హెచ్చవేసి చూడండి. తెలకపిండి అమ్మగా వచ్చేది తీసేసినా, దానికి దరిదాపుల్లో లేని ధరకు గానుగ నూనె ఇస్తున్నారంటే అందులో వేరే నూనె ఉంది. సొంత నువ్వులు తీసుకెళ్లి గానుగ ఆడించుకునే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. దాన్ని మించిన ధ్రువీకరణ లేదు.

కొబ్బరినూనె విషయంలో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనకు పనికొస్తుంది. చిన్న సీసాలో అమ్మినా, వంటనూనెగా అన్ని నిబంధనలూ పాటించి అమ్మితే అది వంటనూనే అని కోర్టు తేల్చింది. అది పన్ను గొడవ. కొనేవాళ్లకు దాని అర్థం, వంటనూనెగా అమ్మే సీసా మీద ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉంటుంది, ఆర్గానిక్ అని రాసి ఉంటే సేంద్రియ ధ్రువీకరణ ముద్ర ఉండి తీరాలి. తలనూనె అని రాసి ఉన్న సీసాకు ఆ కట్టుబాటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. తిరిగి నాటిన చెట్లు కాపుకు వస్తున్నాయి. ఆ రైతుల కొబ్బరి ఎండబెట్టి ఆడించిన నూనె దొరికితే దాన్నే కొనమంటాను.

పెసలు వరి కోతల తర్వాత మాగాణుల్లో మిగిలిన తేమతోనే పండుతాయి. మందు కొట్టారో లేదో రైతును అడిగితే చెబుతాడు. పొట్టు తీయని పెసలు ఆడించుకుంటే సున్నిపిండికి అంతకన్నా కావలసింది లేదు. పసుపు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. పొడిలో మెటానిల్ ఎల్లో అనే రంగు, కొమ్ములకు మెరుగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే దుర్మార్గం దేశంలో ఉంది. కాబట్టి మెరుగు పెట్టని, గరుకుగా మట్టి రంగులో ఉన్న కొమ్ములు కొని ఇంట్లో దంచుకోవాలి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు పండించే పసుపు సంతల్లో దొరుకుతుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఆ కొండలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి గానీ, వాటి సరుకు వచ్చేది ఇప్పటికీ మన బజారుకే. తేనె విషయంలో 2020లో ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఈ 13 బ్రాండ్లకు కల్తీని పట్టే ఎన్ఎంఆర్ పరీక్ష చేయిస్తే 10 తప్పాయి. పెద్ద పేరు చూసి కొనడం ఎంత పనికిరాని పద్ధతో అప్పుడు తెలిసింది.

గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అనేది, 1956 నుంచి ఉంది. కుంకుడుకాయలు, శీకాయ, తేనె, కరక్కాయలు గిరిజనుల దగ్గర కొని అమ్ముతుంది, సబ్బులు కూడా అమ్ముతుంది. ఆ డిపోలో కొంటే డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో తెలుసు. అది కొనడానికి చాలా మంచి కారణం. అడవి కాయను ఎవరూ మందు కొట్టి పెంచరు కాబట్టి కుంకుడు, శీకాయల విషయంలో నిశ్చింతగా ఉండొచ్చు. సబ్బు మాత్రం ఏ సంస్థదైనా లేబుల్ చదివే కొనాలి. సబ్బు మీద కొవ్వు పదార్థం శాతం రాసి ఉంటుంది. 76 శాతం ఉంటే మొదటి గ్రేడు. "బేతింగ్ బార్" అని ఉంటే అది 40 శాతం దాకా తగ్గొచ్చు. సబ్బు ఎంత మంచిదైనా క్షారమే, పొడిచర్మం వాళ్లు చలికాలంలో సున్నిపిండికి మారితే తేడా తెలుస్తుంది.

ఎండ కాపు ఒక్కటే వంటింట్లో దొరకదు. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున వేట చేసేవాళ్లకూ, పొలంలో ఊడ్చేవాళ్లకూ నువ్వుల నూనె, పసుపు ఎండను ఆపలేవు. తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, లేకపోతే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. అది ఖనిజం, సేంద్రియం కాదు, కానీ అక్కడ కావలసింది అదే.

ఏది కొన్నా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దద్దు, దురద వస్తే అది ఎంత సేంద్రియమైనా మీది కాదు. ఆర్గానిక్ అని అబద్ధం చెప్పి అమ్మితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం చూపకుండా ఇలాంటి మాటలు వాడకూడదని అవి చెబుతున్నాయి. లైసెన్సు నంబరు లేని సరుకైతే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాలి.

ఆ లైసెన్సు దగ్గరే ఒక అన్యాయం ఉంది. మన మహిళా సంఘాల వాళ్లు ఎన్నో ఊళ్లలో సున్నిపిండి, కుంకుడు పొడి, గానుగ నూనె చేస్తున్నారు. వాళ్ల పెసలు పక్క పొలానివి, వాళ్ల పసుపు కొండది. ఒంటికి రాసే సరుకుగా అమ్మాలంటే వాళ్లకూ తయారీ లైసెన్సు కావాలి, ఆ కాగితాల పని వాళ్లకు అందనిది. పక్కన దూరపు కంపెనీ డబ్బా అన్ని నంబర్లతో, ఆధారం లేని "ఆర్గానిక్" ముద్రతో దర్జాగా అమ్ముడుపోతోంది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల యంత్రాంగాలూ, రైతు సాధికార సంస్థా, ఔషధ నియంత్రణ శాఖా కలిసి కూర్చుని ఈ సంఘాలకు ఒక ఉమ్మడి తయారీ కేంద్రం, దానికి లైసెన్సు, ముడిసరుకుకు పీజీఎస్ ధ్రువపత్రం ఇప్పించాలి. వచ్చే సంక్రాంతి భోగి స్నానానికి సున్నిపిండి కొనేవాళ్లు మీ ఊరి సంఘాన్ని అడగండి, ఏమేం కలిపారో చెప్పమనండి, చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనండి.